లోతు అంటే లోపలికా, బయటికా

ఆ వీధిలో ఆయన్ని టైర్లాయన అని ఎవరూ అనరు. తొమ్మిదేళ్ళుగా టైర్ల షాపులోనే పని. పొద్దున్నే షట్టరు ఎత్తేదీ ఆయనే. అయినా అందరికీ ఆయన మాస్టారే. బడిలో మాస్టారు కాదు, బట్టలు కుట్టే మాస్టారు. ముప్ఫై ఏళ్ళు ప్యాంట్లు, చొక్కాలు, కోట్లు కుట్టారు. తరవాత రెడీమేడ్ బట్టలు వచ్చిపడ్డాయి. ప్యాంటు కింద మడత పెట్టించుకోవడానికో, జిప్పు మార్పించుకోవడానికో తప్ప ఆయన గుమ్మం ఎక్కేవాళ్ళు లేకుండా పోయారు. అప్పుడు పక్కగదిలో టైర్లు, రిమ్ములు అమ్మే బావమరిది వచ్చి, "ఈ మధ్యగోడ కొట్టేద్దాం బావా, నువ్వు ఇటు వచ్చెయ్" అన్నాడు. గోడ పోయింది. కుట్టుమిషను మూలకి జరిగింది. మాస్టారి మెడలో టేపు మాత్రం అక్కడే ఉండిపోయింది.

"ఇక్కడ దాంతో పనేముంది బావా, అన్నీ నంబర్లేగా" అని బావమరిది మొదటిరోజే నవ్వాడు.

"మనిషి ఒంటికీ నంబర్లు వచ్చాయి. అప్పట్నుంచి ఎవడి చొక్కా భుజమూ వాడి భుజం మీద లేదు" అన్నారు మాస్టారు.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఇదే తగువు. బావమరిది పుస్తకం తెరిచి, ఏ కారుకి ఏ టైరో చూసి చెప్పేస్తాడు. నూటికి తొంభైమందికి ఆ పుస్తకం చాలు. మాస్టారు మాత్రం కారు చుట్టూ తిరుగుతారు. వంగుతారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు, మడ్‌గార్డు అంచుని బొటనవేలితో తడుముతారు, టేపు పెట్టి చూస్తారు. బట్టల మీద గీసే సుద్దముక్కతో టైరు భుజం మీద ఓ గీత గీసి, "ఒక చుట్టు తిరిగి రండి" అంటారు. సుద్ద మడ్‌గార్డుకి అంటుకుందా, ఆ టైరు కుదరనట్టే. ఈ తంతంతా అయ్యేసరికి బావమరిది పుస్తకం చూసి ముగ్గురిని పంపించేస్తాడు. "మా బావ టైరు వెయ్యడు, పెళ్ళిచూపులు చేస్తాడు" అని వచ్చినవాళ్ళతో చెప్తాడు.

ఇలా ఉండగా బావమరిది కూతురు కారు కొనుక్కుంది. అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వాడిన కారే, చిన్నది, ముచ్చటైనది. కొన్న నెలకే పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని రెండంగుళాలు కిందకి దించింది. నేలకి దగ్గరగా ఉంటే మలుపుల్లో ఊగదట. అంతవరకూ బాగానే ఉంది గానీ, కారు దిగాక పాత చక్రాలు దానికింద మరీ పీలగా కనిపించాయి. అన్న చొక్కాలోంచి తమ్ముడి చేతులు వేలాడుతున్నట్టున్నాయి అని మాస్టారే అన్నారు. అమ్మాయి వెంటనే, "కొత్త చక్రాలు నువ్వే చూడు మామయ్యా" అంది.

బావమరిది మొహం కొంచెం ముడుచుకుంది. కన్నకూతురు తన పుస్తకాన్ని వదిలి టేపు దగ్గరకి పోయింది మరి. అతను ఆ రోజే వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళాలి. నాలుగురోజులకి గానీ రాడు. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సరే బావా, ఇది నీ కొలతలకే వదిలేస్తున్నా. దించిన కారు, కాస్త తేడా వచ్చినా చక్రం మడ్‌గార్డుని గీరేస్తుంది. నువ్వు కుదిర్చావనుకో, ఇకమీదట షాపులో కొలత పనంతా నీదే, నేను నోరెత్తను. గీరిందనుకో, ఆ టేపు తీసి మిషను మీద పెట్టి, కౌంటరులో కూర్చుని ఫోన్లు ఎత్తు."

"అలాగే" అన్నారు మాస్టారు. అంత తేలిగ్గా అన్నారు గానీ, కౌంటరు అనగానే ఆయన చెయ్యి మెడలో టేపు మీదకి పోయింది. ఫోను ఎత్తేవాడికి ఎప్పుడైనా ఏ వస్తువునైనా తాకే పని ఉంటుందా?

మర్నాడు పొద్దున్న అమ్మాయి కారు తెచ్చింది. మాస్టారు ముందు ఖాళీ కారుని కొలిచారు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుదాకా పన్నెండున్నర అంగుళాలు. ఆ అంకెని సుద్దతో గోడమీద రాసి, అమ్మాయి వైపు తిరిగారు.

"ఇందులో మామూలుగా ఎవరెవరు ఎక్కుతారు?"

"నేనొక్కదాన్నే. ఆదివారం నానమ్మ. ఎప్పుడన్నా అత్తయ్య."

"అయితే వాళ్ళని పిలు. నిలబెట్టి కొలిచిన ప్యాంటు, కూర్చున్నప్పుడు పరువు తీస్తుంది. నా చిన్నప్పుడు ఒకాయనకి అలాగే కుట్టాను. సభలో కుర్చీలో కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అందరూ వెళ్ళేదాకా అలాగే కూర్చున్నాడు పాపం."

అరగంటలో షాపు ముందు చిన్న జాతర తయారయింది. అమ్మాయి నానమ్మ, అంటే మాస్టారి అత్తగారు, కారు తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. "ఎవరన్నా కారు ఎక్కుతారు. ఇదేంటే, బావిలోకి దిగినట్టు దిగాలి?" అంది. మాస్టారి భార్య వెనకసీట్లో కూర్చుంది. ఇంకా ఇద్దరు కావాలని మాస్టారు పక్క కొట్లోంచి జిరాక్సాయన్నీ, ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన్నీ పిలుచుకొచ్చారు. తాళాలాయన మంచి భారీమనిషి. ఆయన కూర్చోగానే కారు ఉస్సురుమంది.

"ఇదిగో, మీవైపే వంగింది" అన్నాడు జిరాక్సాయన.

"జేబులో తాళాలున్నాయయ్యా" అన్నాడు తాళాలాయన.

"మరి పొట్టలో ఏమున్నాయి, బీరువాలా?" అంది మాస్టారి భార్య. కారులో అందరూ నవ్వేసరికి కారు పైకీ కిందకీ ఊగింది.

"నవ్వకండి, కొలత చెడిపోతుంది" అన్నారు మాస్టారు నేలమీద మోకాళ్ళు ఆన్చి. టేపు పదకొండు దగ్గర ఆగింది. అంగుళమున్నర దిగింది కారు. గోడమీద పన్నెండున్నర పక్కన పదకొండు రాశారు.

అత్తగారు అద్దం దించి, "అల్లుడుగారూ, ఇంతకీ నేను ఎంత బరువున్నానని తేలింది?" అంది.

"మీరు ఎక్కాక అరంగుళం పైకి లేచిందండి" అన్నారు మాస్టారు. పొగిడారో, వెటకారం చేశారో తెలియక ఆవిడ అద్దం మళ్ళీ ఎక్కించుకుంది.

తరవాత సైజు మాట వచ్చింది. అమ్మాయి మనసంతా పదిహేడు అంగుళాల రిమ్ముల మీద ఉంది. ఇప్పుడున్నవి పద్నాలుగు. మాస్టారు పాత టైరు పక్కన కూర్చోబెట్టి, దానిమీద అచ్చువేసిన అంకెల్ని వేలితో చూపించారు.

"నూట డెబ్భై అయిదు అంటే దీని ఛాతీ వెడల్పు. పక్కన అరవై అయిదు అంటే, ఆ ఛాతీలో నూటికి అరవై అయిదు వంతులు దీని గోడ ఎత్తు. చివరి పద్నాలుగు లోపలి రిమ్ము. ఇప్పుడు రిమ్ము పెంచావనుకో, గోడ తగ్గించాలి. మొత్తం ఎత్తు మాత్రం అంతే ఉండాలి. లేకపోతే స్పీడు చూపించే ముల్లు అబద్ధమాడుతుంది, చక్రం గూట్లో పట్టదు. పదిహేడు వేస్తే రబ్బరు ఎంత మిగులుతుందో తెలుసా? చేతిగాజు మందం. ఒక్క గుంటలో పడితే రిమ్ము వంగుతుంది."

"పదహారు?"

"పదహారు పడుతుంది. కానీ నువ్వు వెళ్ళే దారి నాకు తెలుసు. అది దారి కాదు, గుంటల మధ్య మిగిలిన తారు. పదిహేను వేసుకో. నూట తొంభై అయిదు వెడల్పు, యాభై గోడ. ఛాతీ నిండుగా కనిపిస్తుంది, కింద కాస్త మెత్తన ఉంటుంది."

అమ్మాయి కాసేపు మూతి ముడుచుకుని, రిమ్ము డిజైను తను ఎంచుకుంటానన్న షరతు మీద ఒప్పుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే. వెడల్పు పెరిగిన చక్రం బయటివైపు పొడుచుకు రాకూడదు. అయిదుగురు ఎక్కి కారు కుంగినప్పుడు టైరు మడ్‌గార్డు అంచుకి తగలకుండా, దాని వెనక్కి, గూటి లోపలికి దూరాలి. లోపలివైపు చోటుంది, వేలు పెట్టి చూశారు. ఇలాంటివి ఎప్పుడూ బావమరిదే ఆర్డరు పెడతాడు. రిమ్ము వీపున ఓ అంకె ఉంటుంది, డీలరుకి ఆ అంకె చెప్తాడు. మాస్టారికి ఆ అంకె జోలికి పోయే అవసరం ఎన్నడూ రాలేదు. డీలరుకి ఫోను చేసి, డిజైను చెప్పి, సైజు చెప్పి, తనకొచ్చిన మాటే వాడారు.

"మామూలు కన్నా లోతు ఎక్కువుండాలండి."

ముప్ఫై ఏళ్ళు జేబులు కుట్టిన మనిషికి లోతంటే ఒకటే అర్థం. జేబు లోతు ఎంతుంటే చెయ్యి అంత లోపలికి పోతుంది. చక్రమూ అంతే కదా.

"లోతుదే పంపిస్తా మాస్టారూ. ఈ మధ్య అందరూ అదే అడుగుతున్నారు" అన్నాడు డీలరు.

లోకంలో ఇంతమందికి బుద్ధొచ్చిందని మాస్టారు లోలోపల సంతోషించారు.

నాలుగోరోజు మధ్యాహ్నం రిమ్ములు వచ్చాయి. అమ్మాయి భోజనం వేళకి పరుగెత్తుకొచ్చింది. ఊరినుంచి దిగిన బావమరిది బ్యాగు కూడా దించకుండా అట్టపెట్టె దగ్గరే నిలబడ్డాడు. మాస్టారు ఒక రిమ్ముని బయటికి తీశారు. దాని మొహం పళ్ళెంలా లోపలికి దిగి ఉంది. అంచు వెడల్పుగా, అద్దంలా తళతళలాడింది. అమ్మాయి ఆ అంచులో తన మొహం చూసుకుంది. వెనకచక్రం ఒకటి తీసి, అది బిగించి ఉండే ఇనుపకుండకి టైరు లేని రిమ్ముని బిగించి చూశారు. కారు మొహమే మారిపోయింది.

"అదిరింది బావా. ఒప్పుకున్నా. ఇవాళ్టినుంచి కొలతలు నీవే" అన్నాడు బావమరిది. అంతటితో ఆగకుండా మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా.

మాస్టారి కళ్ళు మాత్రం రిమ్ము అంచుమీద ఉన్నాయి. మడ్‌గార్డు నుంచి టేపు వేలాడదీసి చూడక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. అది బొటనవేలి మందాన బయటికి వచ్చి నిలబడింది. ఆయన మెల్లగా వెళ్ళి మిగతా రిమ్ముల్లో ఒకదాన్ని బోర్లించి వీపు చూశారు. ఇరవై అయిదు అని ఉంది. పాతదాని వీపు చూశారు. నలభై అయిదు. ఆ అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుందని, తగ్గితే బయటికి వస్తుందని అప్పుడు అర్థమైంది. డీలరు ఎక్కువ లోతంటే పళ్ళెం లోతు అనుకున్నాడు. మొహం లోపలికి పోవాలంటే చక్రం బయటికి రావాలి. ఒకే మాట, తలో దిక్కుకీ లాక్కున్నారు.

నిజానికి నోరు మూసుకుంటే సరిపోయేది. అమ్మాయి ఒక్కతే తిరిగినన్నాళ్ళు ఏమీ తగలదు. తండ్రీకూతుళ్ళిద్దరూ మురిసిపోతున్నారు. పందెం గెలిచేశారు, అదీ అడక్కుండానే. మాస్టారు కుట్టుమిషను దగ్గరకి వెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు.

"టైర్లు ఎక్కించెయ్యమంటావా బావా?" అన్నాడు బావమరిది.

"ఎక్కించకు. ఎక్కిస్తే వాపసు తీసుకోడు" అన్నారు మాస్టారు. "నేను తప్పు తెప్పించాను."

బావమరిది అప్పుడు భుజం మీది బ్యాగు దించాడు.

"తప్పేంటి మామయ్యా, ఇంత బాగుంటే? నాకు ఇవే కావాలి" అంది అమ్మాయి. రిమ్ము మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఉండు. కుట్టేముందు కచ్చా కుట్టు వేసి చూపిస్తా. అప్పుడూ కావాలంటే నీ ఇష్టం."

రిమ్ములు వచ్చిన అట్టపెట్టెని ఆయన కత్తెరతో విప్పదీశారు. పాత లెక్కనిబట్టి కొత్త టైరు ఎంత ఎత్తొస్తుందో గీసుకుని, టైరు పైసగం ఆకారానికి అట్టని గుండ్రంగా కత్తిరించారు. అట్ట వంగిపోకుండా వెనక కోటు కాలరులో పెట్టే బక్రం ముక్క ఆనించి, మొత్తాన్ని దారంతో రిమ్ము ఊచలకి కట్టారు. అంచు పొడవునా సుద్ద రాశారు. బావమరిది కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, వెనక స్ప్రింగు ఊడదీశాడు. ఇక జాకీ ఎంత లేపితే చక్రం అంత గూట్లోకి లేస్తుంది.

"గోడమీద పదకొండు ఉంది చూడమ్మా. అది మీరందరూ కూర్చున్న రోజు కొలత. అక్కడిదాకా లేపుదాం."

జాకీ లేచింది. పన్నెండు. పదకొండున్నర. ఇంకా పావంగుళం పైగా లేవాల్సి ఉండగానే అట్ట వెళ్ళి మడ్‌గార్డు అంచుకి తగిలింది. టకటకమంటూ వంగింది. నల్లటి పెయింటు మీద తెల్లగా సుద్దగీత పడింది.

"అట్ట కాబట్టి వంగింది. టైరైతే కోసుకుపోతుంది. ఇంకా స్పీడ్ బ్రేకరు రాలేదు, ఇది నిలబడి ఉన్న కారే" అన్నారు మాస్టారు.

అమ్మాయి ఆ గీతని చాలాసేపు చూసింది. వేలితో తుడిచి, వేలు చూసుకుంది.

"మా షాపులోనూ ఇంతే. అద్దం ముందు నిలబడితే ప్రతి ఫ్రేమూ బాగుంటుంది. అందుకే నేను వాళ్ళని కిందపడ్డ పెన్ను తీసివ్వమంటా. ముక్కు మీంచి జారిందా, ఎంత బతిమాలినా అమ్మను." నిట్టూర్చింది. "వెనక్కి పంపించెయ్ మామయ్యా. కానీ ఊచల డిజైను మాత్రం ఇదే."

బావమరిది జాకీ దించి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా బావా?"

"అత్తగారు ఎక్కిన ఆదివారం తెలిసేది. తగలగానే నేనేదో చేశానంటారు ఆవిడ. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ మాట నిజం కాకుండా కాచుకుంటున్నా."

బావమరిది నవ్వాడు. కానీ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "అయినా షరతు షరతే."

"షరతే" అన్నారు మాస్టారు. మెడలోంచి టేపు తీసి, మడిచి, మిషను మీద పెట్టి, పోయి కౌంటరులో కూర్చున్నారు. కూర్చోగానే మొదట చేసిన పని డీలరుకి ఫోను. టైర్లు ఎక్కించని రిమ్ములు కాబట్టి అతను మార్చి ఇస్తానన్నాడు. "మరి ఈసారి లోతు తక్కువదా మాస్టారూ?" అని అడిగాడు.

"ఈసారి మాటలొద్దు బాబూ, అంకె రాసుకో. నలభై ఎనిమిది."

రిమ్ములు రావడానికి మూడురోజులు పట్టింది. ఆ మూడురోజులూ మాస్టారు కౌంటరులోనే ఉన్నారు. మెడ బోసిగా ఉందేమో, మాటిమాటికీ చెయ్యి అక్కడికి పోయేది. కానీ ఫోను ఎత్తడం కూడా ఆయనకి ఆయన పద్ధతిలోనే వచ్చింది. ఎవరన్నా ఫలానా సైజు టైరుందా అని అడిగితే, "ఉంటుంది గానీ, మీ బండిలో ఏం మోస్తారు? వెనకాల ఎవరు కూర్చుంటారు? కారు దించారా, ఉన్నట్టే ఉందా?" అని మొదలుపెట్టేవారు. ఒకాయన ఇంట్లో ఎంతమందో చెప్పీ చెప్పీ, చివరికి తన రెండో మరదలికి సంబంధం చూస్తున్నారా అని అడిగాడట. రెండోరోజు మధ్యాహ్నానికి షాపు ముందు నాలుగు బండ్లు నిలబడ్డాయి. అందరూ ఒకటే మాట: ఫోనులో మాట్లాడిన ఆయనే వచ్చి చూడాలి. బావమరిది పుస్తకం పట్టుకుని ఎదురెళ్తే, "మీరు కాదండీ" అన్నారు.

"బావా, నువ్వు ఫోను ఎత్తితే నా పని పెరుగుతోంది" అన్నాడు బావమరిది విసుక్కుంటూ.

"నేను కౌంటరు దాటలేదు కదయ్యా" అన్నారు మాస్టారు అమాయకంగా.

మూడోరోజు సాయంత్రం కొత్త రిమ్ములు వచ్చాయి. వీపున నలభై ఎనిమిది. ఇవి పళ్ళెంలా దిగలేదు, మొహం కాస్త ముందుకే ఉంది, ఊచలు మాత్రం అమ్మాయి అడిగినవే. ఈసారి బావమరిదే టైర్లు ఎక్కించాడు, తనే బోల్టులు బిగించాడు. మాస్టారు కౌంటరులోంచి మెడ సాచి చూశారు తప్ప కదల్లేదు.

అమ్మాయి స్టీరింగు పట్టుకుంది. పక్కన నానమ్మ. వెనక అత్తయ్య, జిరాక్సాయన, తాళాలాయన. ఎక్కేటప్పుడు జిరాక్సాయన, "ఈసారి తాళాలు ఇంట్లో పెట్టి వచ్చారా?" అని అడిగాడు. తాళాలాయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, దాంతో బరువు తగ్గుతుందన్నట్టు. వీధి మలుపులో ఓ స్పీడ్ బ్రేకరుంది. ఊళ్ళో పుట్టిన కార్లన్నిటికీ అది పరీక్షే. బావమరిది ముందే వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు, చెవి రోడ్డువైపు పెట్టి.

కారు వచ్చింది. ముందుచక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనకచక్రాలు ఎక్కి, దిగేటప్పుడు కారు పూర్తిగా కుంగింది. టైరు మడ్‌గార్డు వెనక గూట్లోకి, జేబులోకి చెయ్యి పోయినట్టు పోయి, మళ్ళీ బయటికి వచ్చింది. ఏ చప్పుడూ లేదు. బావమరిది చెయ్యి ఊపి మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి కాస్త వేగంగా రమ్మన్నాడు. నానమ్మ అద్దం దించి, "ఎన్నిసార్లురా, నేనేం పిండి జల్లెడనా?" అంది. మూడోసారీ ఏమీ తగల్లేదు.

బావమరిది లేచి, మోకాళ్ళు దులుపుకుని, షాపుదాకా నడిచి వచ్చాడు. మాస్టారు కౌంటరు వెనక లేచి నిలబడి ఉన్నారు. బావమరిది నేరుగా మూలకి వెళ్ళి, మిషను మీద టేపు తీసి, మడతలు విప్పి, బావ మెడలో తనే వేశాడు. రెండు కొసలూ సమానంగా వచ్చేలా సర్దాడు కూడా.

"లే బావా, అక్కణ్ణించి. నేను కూర్చుంటా."

"మరి షరతు?"

"తప్పు నువ్వు చేశావు, నువ్వే పట్టుకున్నావు, నువ్వే దిద్దావు. నేనైతే ఆ పళ్ళేలకి టైర్లు ఎక్కించేసేవాణ్ణి" అన్నాడు బావమరిది, మొహం ఇంకోవైపు పెట్టుకుని.

అంతలో ఫోను మోగింది. మాస్టారి చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. బావమరిది అడ్డం వచ్చి తనే ఎత్తాడు.

"ఆఁ, టైర్ల షాపే. ఏ సైజా? అది నేను చెప్పనండి. ఉండండి, కొలతలాయన్ని పిలుస్తా."